పంపు కింద దిండు

“ఇంత మెషీన్ నడుస్తోంది, ఎక్కడన్నా చప్పుడు వినపడుతోందా చెప్పండి!” అంటారు మా ఆయన, వచ్చినవాళ్లని మా పడకగదిలోకి తీసుకొచ్చి. వాళ్లు చెవులు రిక్కించి, లేదని తలలూపుతారు. అప్పుడు ఆయన నా వైపు చూసి నవ్వుతారు. “మా యశోద కూడా అంతే. ఇంట్లో ఉన్నట్టే తెలీదు.” అందరూ నవ్వుతారు. నేనూ నవ్వి కాఫీలు తేవడానికి వెళతాను.

మా ఆయన శేషగిరి నరసరావుపేటలో జువాలజీ లెక్చరరు. వాల్తేరులో చదువుకునే రోజుల్లో సముద్రపు చేపల మీద పుట్టిన మోజు, పెళ్లయ్యాక మా పడకగదిలోకొచ్చి కూర్చుంది. ముందుగదిలో ఎండకి నీళ్లు వేడెక్కుతాయట. వంటింటి పక్కనైతే మిరపకాయల ఘాటుని, నీళ్లలోకి గాలి కొట్టే పంపు పీల్చుకుంటుందట. అందుకని మంచానికి నా వైపు, గోడవారగా నాపరాతి బండ వేయించి అద్దాల తొట్టి పెట్టారు. దాని పక్కన నిలువుగా ఒక గొట్టం. అడుగునున్న చెక్కముక్కలోంచి గాలి సన్నటి బుడగలై లేస్తుంది. చేపల మలినమంతా ఆ బుడగలకి అంటుకుని, నురుగై, పైనున్న గిన్నెలో పడుతుంది. ఏదో ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూసి ఆయనే తయారుచేశారు. ప్రోటీన్ స్కిమ్మర్ అంటారు ఆయన. నురుగు గొట్టం అంటారు మా అత్తయ్య రాఘవమ్మ గారు. గిన్నె కడిగేది నేను గనక నేనేమంటానో ఎవరూ అడగలేదు.

ఆ గిన్నెని మాత్రం వచ్చినవాళ్లకి చూపించరు. పచ్చగా, చిక్కగా, చేపల మార్కెట్టు మూలన నిలిచిన నీళ్లలా కంపు. నూనె చేతులతో ముట్టుకుంటే నురుగు కట్టదని చెప్పి నాకు తలనూనె మాన్పించారు. కరెంటు పోతే చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ నిలబడాలి, చేపలకి ఊపిరాడాలి కదా! మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు? సత్తెనపల్లిలో మా అక్క ఇంటికి వెళ్లొస్తానంటే, “నువ్వెళితే, కరెంటు పోతే?” అన్నారు. కోపంగా కాదు, నిజంగా సందేహంగానే అడిగారు. ప్రయాణం మానుకున్నాను.

ఇక ఆ నిశ్శబ్దం సంగతి. మొదట్లో పంపు నాపరాయి మీద గర్రుమని అరిచేది. “పొద్దున్నే నాకు క్లాసుంది యశోదా, నిద్ర లేదు. ఏదన్నా చెయ్యి,” అన్నారు. గోనెపట్టా వేశాను, సైకిల్ ట్యూబు కోసి వేశాను, పాత బొంత మడిచి పెట్టాను. తగ్గింది కానీ ఆగలేదు. చివరికి విసుగొచ్చి అవన్నీ తీసేసి నా తలదిండు దాని కింద పెట్టాను. గురజాలలో మా అమ్మ అంజమ్మ బూరుగు కాయలు ఏరి, గింజలు తీసి, నేను కాపురానికి వచ్చేటప్పుడు కుట్టిచ్చిన దిండు. పంపు నోరు మూసుకుంది. “భలే!” అన్నారాయన. ఆ దిండు మళ్లీ నాకు రాలేదు. పాత చీరలు మడిచి తల కింద పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

పోయిన వేసవిలో నాకు నెల తప్పింది. ముందు అత్తయ్యకే చెప్పాను. ఆవిడ నా గడ్డం పుణికి ముద్దు పెట్టుకుంది. అంతలోనే గొంతు తగ్గించింది. “మూడో నెల దాటిందాకా నోరెత్తబాక. మా వాడిక్కూడా చెప్పబాక. బయటికి పొక్కిందా, దిష్టి తగులుద్ది.” వాళ్లింట్లో అదే ఆచారం. మా పుట్టింట్లోనూ అంతే. నేను తలూపాను.

తర్వాతి ఆదివారం ఆయన బాపట్ల దగ్గర సూర్యలంక నుంచి జీపులో సముద్రపు నీళ్లు తెచ్చారు. పెద్ద పెద్ద ప్లాస్టిక్ క్యాన్లు వరండాలో దించి, “లోపలికి చేర్చు, స్నానం చేసి వస్తా,” అన్నారు. ఎప్పుడూ చేర్చేది నేనే. ఇవాళ చేర్చనంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పకూడదు. అత్తయ్య వైపు చూశాను. ఆవిడ చేటలోని బియ్యం వైపు చూస్తూ, “నిదానంగా మొయ్యవే అమ్మాయ్,” అంది. నిదానంగానే మోశాను. సాయంత్రానికి రక్తం కనపడింది.

“నాకు చెప్పి ఉంటే మోయనిచ్చేవాణ్ణా?” అన్నారాయన. “నేనేమన్నా మొయ్యమన్నానా?” అంది అత్తయ్య. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరిదీ తప్పు కాకపోతే మరి తప్పెవరిదో నాకు తెలిసిపోయింది. “పోయిందని కూడా ఎక్కడా అనబాక,” అంది మళ్లీ ఆవిడే. పక్కింటి మాబున్నీసా అక్క, “ఏందే, అట్టా పాలిపోయావు?” అంటే జ్వరం అన్నాను. వచ్చినట్టు ఎవరికీ తెలియని బిడ్డ, పోయినట్టూ ఎవరికీ తెలియకుండా పోయింది. నాకు ఏడవడానిక్కూడా చోటు దొరకలేదు. గదంతా ఎంత నిశ్శబ్దం! ముక్కు ఎగపీల్చినా ఆయన ఇటు తిరిగి, “ఏమైంది?” అనేవారు. పంపు మునుపటిలా మోగుతుంటే కనీసం దాని చాటున ఏడ్చేదాన్ని. తొట్టి వైపు తిరిగి పడుకుని, పమిట నోట్లో కుక్కుకుని, ఆ నురుగు పైకి పాకడం చూస్తూ ఉండేదాన్ని. చేపల మలినానికి బయటపడే దారి ఉంది. నాకు లేదు.

ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. గిన్నె కడుగుతుంటే కడుపులోంచి తన్నుకొస్తోంది, పెరట్లోకి పరుగెత్తి నోరు నొక్కుకుంటున్నాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, “కాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకోవాలి. బరువులు ముట్టుకోకూడదు. ఇంట్లో చెప్పావా?” అంది.

“మూడో నెల దాకా చెప్పకూడదండీ.”

“అప్పటిదాకా నీ బరువులు ఎవరు మోస్తారమ్మా?”

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, అదే మాట అంది. “నోరెత్తబాక.”

“మరి క్యాన్ల సంగతేంటి అత్తయ్యా?”

“సగం సగం పోసుకుని మొయ్యి.”

ఆ మధ్యాహ్నం బస్టాండు దాకా వెళ్లాను. గురజాల బస్సు ఎదురుగా నిలబడ్డాను. వెళితే అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, తల నిమురుతుంది, మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దంటుంది. బస్సు కదిలిపోయింది. కరెంటు పోయి ఉంటుందేమోనని తట్టి, నేను ఇంటికి పరుగెత్తాను. అలా పరుగెత్తినందుకు దారంతా నా మీద నాకే అసహ్యం వేసింది. ఈ బిడ్డ కూడా పోతుంది, ఆ ఏడుపునీ ఇలాగే మింగేస్తాను అనిపించింది.

ఈ ఆదివారం ఉదయం సూర్యలంక నీళ్లు దిగాయి. సాయంత్రం గుంటూరు నుంచి ఆయన పాత ప్రొఫెసరు గారు, వాళ్లావిడ వస్తున్నారు. “వాళ్లొచ్చేసరికి నీళ్లు మార్చెయ్యాలి. క్యాన్లు లోపల పెట్టు,” అని, మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన మిఠాయిలు కొని వాళ్లని బస్టాండు నుంచి తీసుకురావడానికి వెళ్లారు. వరండాలో క్యాన్లు వరసగా ఉన్నాయి. ఒకదాని పిడి మీద చెయ్యి వేశాను. చెయ్యి తీసేశాను.

గదిలోకి వెళ్లి పంపుని ఒక చేత్తో ఎత్తిపట్టి, దాని కింది దిండు లాగేశాను. ఉప్పునీటి మరకలు, చమురు కంపు. గలీబు తీసి పడేసి, దిండుని నా కాళ్ల కింద పెట్టుకుని పడుకున్నాను. పంపు నాపరాయి మీద పడి గర్రుమంది. ఇల్లంతా మోగింది.

“ఏందే ఆ గోల?” అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. నా కాళ్ల కింది దిండు చూసి ఆగిపోయింది. “లేవే! వాళ్లొచ్చే వేళయింది!” నేను లేవలేదు. ఆవిడ చెయ్యి పట్టి లాగింది, బతిమాలింది, మంచం అంచున కూలబడింది. ఎంతసేపటికో వీధి తలుపు చప్పుడైంది. ఆయన, ప్రొఫెసరు గారు, వాళ్లావిడ గుమ్మంలో నిలబడ్డారు. పరాయివాళ్ల ముందు అలా కాళ్లు ఎత్తిపెట్టుకుని పడుకున్నందుకు నా మొహం మండిపోయింది. అయినా కదల్లేదు.

“ఏమిటిది యశోదా? ఆ దిండు ఇలా ఇవ్వు, మాట వినపడట్లేదు,” అన్నారాయన.

అత్తయ్య నా వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టింది.

ఆ మోతలో మామూలుగా చెబితే ఎవరికీ వినపడదు. అందుకని పక్కింటి దాకా వినపడేంత గట్టిగా అరిచాను.

“నాకు రెండో నెల. పోయినసారి బిడ్డ నేను ఆ క్యాన్లు మోస్తేనే పోయింది. దిండు ఇవ్వను.”