పక్కలు కలవని ప్లస్

నా కత్తెరను నా సొంత చెల్లెలే బీరువాలో పెట్టి తాళం వేసింది. దుకాణం మెట్ల మీద జారి నా కుడి మణికట్టు విరిగింది నిజమే. కట్టు విప్పాక బొటనవేలు నా మాట వినడం లేదన్నదీ నిజమే. అంతమాత్రాన వచ్చినవాళ్లను పలకరిస్తూ మూల కూర్చోమంటే కూర్చుంటానా? ఇక్కడ గుడ్డ కత్తిరించేది నేను, కుట్టేది తను. దుకాణం పెట్టిన నాటి నుంచీ అంతే.

"ఖరీదైన గుడ్డలక్కా. నీ చెయ్యి వణికితే ఎవరు సమాధానం చెప్తారు? సోమవారం నుంచి కత్తిరించడానికి ఒకాయన వస్తానన్నాడు," అంది.

నా చేతికి వ్యాయామం చేయించే ఫిజియో ఆయన ఒక రంగుల క్యూబ్ ఇచ్చాడు. "కుడిచేత్తోనే తిప్పాలమ్మా. ముందు తెల్ల ప్లస్ ఒక్కటి చేయండి. అది వస్తే కత్తెర పట్టొచ్చు."

"ప్లస్ చేసిన రోజున తాళం తీస్తాలే," అని చెల్లెలు నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది.

పద్ధతి ఆయనే చూపించాడు. ముందు పసుపు నడిగడి చుట్టూ నాలుగు తెల్ల అంచుముక్కలు చేర్చాలి. తర్వాత ఒక్కో వైపును రెండుసార్లు తిప్పితే అవి కిందికి దిగి, తెల్ల నడిగడి చుట్టూ ప్లస్ అవుతాయి. దించేముందు ఒక్కో తెల్లముక్క పక్కనున్న రెండో రంగు ఆ వైపు నడిగడి రంగుతో కలవాలని కూడా ఏదో చెప్పాడు. నాకు కావలసింది తెలుపు, మిగతావాటితో నాకేం పని అనుకున్నాను. గుడ్డకు ముఖం, వెనక తప్ప మూడో వైపు ఉండదు మరి.

ఒక ముక్కను తెస్తే ఇంకోటి పారిపోయేది. క్యూబే బిగుసుకుపోయిందన్నాను. "ఆడలేక మద్దెల ఓడు," అంది చెల్లెలు, మిషను మీంచి తలెత్తకుండా.

శనివారం ఫిజియో ఆయన తన ప్యాంటు కోసం వచ్చేసరికి నా ప్లస్ సిద్ధం. కత్తిరింపు బల్ల మీద ఠీవిగా పెట్టాను. చెల్లెలు దాన్ని తీసి పక్కకు తిప్పింది.

"అక్కా, పక్కలు కలవలేదు."

ఎర్రముక్క నీలం నడిగడి మీద కూర్చుంది, నీలంముక్క ఎరుపు మీద.

"ఈ వయసులో ఇది చాలు. తాళం తీసెయ్యండమ్మా," అన్నాడాయన. చెల్లెలు జాలిగా చూసి తాళంచెవి తీయబోయింది.

చంకలో కుట్లు కలవని చొక్కా మా గడప దాటదు. తప్పు చేసిన చెయ్యే విప్పాలి. ఆ నియమం పెట్టింది నేను.

"ఉంచు నీ తాళం. మీరు మళ్లీ వయసు మాటెత్తితే ప్యాంటు ఇవ్వను," అన్నాను.

ఒక్కో వైపునూ రెండుసార్లు తిప్పి నాలుగు తెల్లముక్కల్నీ తిరిగి పసుపు చుట్టూ చేర్చాను. కుట్టంతా విప్పినట్టే. నొప్పి మోచేతి దాకా పాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. ఎరుపును ఎరుపుకి కలిపాకే కిందికి దించాను. తర్వాత నీలం. మిగతా రెండు రంగులు కూడా అలాగే. మిషను చప్పుడు ఎప్పుడాగిందో తెలియదు.

క్యూబ్‌ను చెల్లెలి ఒళ్లో పడేశాను. కుట్లు సరిచూసినట్టు నాలుగు పక్కలూ చూసింది. లేచి బీరువా తెరిచి, కత్తెర పిడి నా వైపు ఉండేలా బల్ల మీద పెట్టింది.

సుద్దగీత మీద కత్తెర నడిపించాను. చెయ్యి వణకలేదని అబద్ధం చెప్పను. గీత మాత్రం తప్పలేదు.

"మరి సోమవారం వచ్చే ఆయన్నేం చేద్దాం?" అంది చెల్లెలు.

"రానీ. వచ్చినవాళ్లను పలకరిస్తూ మూల కూర్చుంటాడు," అన్నాను కత్తెర ఆపకుండా.