సముద్రం నడిచే చోట

సూరత్‌లో ఉండే తిరుపతయ్య, వెంకటలక్ష్మి ప్రతి చలికాలం తీరపల్లెలోని తమ రెండో ఇంట్లో ఉండేవారు. నీళ్లంటే భయపడే వెంకటలక్ష్మి ఎన్నడూ ఒడ్డుకు పోలేదు. ఈసారి పౌర్ణమి మరునాడు భర్త బలవంతం మీద వెళ్లేసరికి అక్కడ సముద్రమే లేదు. కనుచూపు మేర తడి బురద మెరుస్తోంది.

"ఏంది, దరియా ఏడవోయింది?"

"ఆటుకు ఎనక్కి పోయింది. జర నడుద్దాం దా."

భర్త చెయ్యి పట్టుకుని ఆమె చాలా దూరం నడిచింది. ఇంతలో పక్కింటి జశుబెన్ ఒడ్డు నుంచి కేకేసింది: "పాణీ ఆవే ఛే!"

నీళ్లొస్తున్నాయని ఇద్దరూ గబగబా వెనక్కి వచ్చారు. వాళ్లు గట్టెక్కి చూస్తుండగానే సముద్రం చప్పుడు లేకుండా వచ్చి, నడిచిన నేలంతా ముంచేసింది. బురదలో ఒరిగిన పడవలు లేచి తేలాయి.

వెంకటలక్ష్మి సముద్రానికి చేతులు జోడించింది.

"గిన్ని నీళ్లుండే జాగల నడిచొచ్చిన్నా నేను!"

ఇంటికి పోదామని తిరుపతయ్య అన్నా ఆమె కదల్లేదు; భయం మరిచి నీళ్లనే చూస్తూ నిలబడింది.