ఊద ఏదో, వరి ఏదో

వరి ఆకు వేళ్లకు గరుకుగా తగులుతుంది. ఊద కలుపు ఆకు నున్నగా జారిపోతుంది.

చూపుకు మాత్రం రెండూ ఒకటే పచ్చదనం. ఒకే నీటిలో నిలబడతాయి. ఒకే గాలికి ఊగుతాయి...

నా భార్య అచ్చమ్మ వేములపల్లి పొలాల్లో కలుపు తీస్తూ పెరిగింది. వంచిన నడుము ఎత్తకుండానే, వేళ్లతో తడిమి, ఊదను పీకి గట్టు మీదికి విసిరేది.

ఆమె వేళ్లు ఎన్నడూ పొరబడలేదు.

మా అమ్మాయి ప్రమీల దేహం పొరబడింది.

నాలుగేళ్ల క్రితం, మిర్యాలగూడ బడిలో లెక్కలు చెబుతుండగా ఆమె చేతిలోని సుద్దముక్క జారిపడింది. తర్వాత చూపు మసకబారింది. తర్వాత కాళ్లు... మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. రోగాలతో పోరాడవలసిన తెల్లకణాల్లోనే కొన్ని — టీ కణాలు — ఆమె నరాల మీది పొరను శత్రువనుకొని కొరుకుతున్నాయి.

కలుపు అనుకొని, వరిని.

అప్పటినుంచి కోదాడలో మాతోనే ఉంటోంది.

ముప్పై మూడేళ్లు ఇంగ్లీషు బోధించి, హెడ్మాస్టరుగా దిగినవాణ్ణి. వైద్యుల భాషకు వెరవలేదు. కంప్యూటరులో వెదికాను. నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. ఒక వ్యాసం దొరికింది.

టీ కణాల టీకా.

రోగి నెత్తుటిలోంచి ఆ దారితప్పిన కణాలనే తీస్తారు. కిరణాలతో నీరసింపజేస్తారు. తిరిగి ఆ రోగికే సూదితో ఎక్కిస్తారు. అప్పుడు దేహం వాటిని గుర్తుపడుతుంది — పీకివేయవలసినవి ఇవే అని నేర్చుకుంటుంది.

ఒక్కొక్క వాక్యమే తెలుగు చేసి ఇద్దరికీ వినిపించాను.

"అంటే, కూలోళ్లకు నాలుగు ఊద మొక్కలు సూపెట్టుడన్నట్టు," అన్నది అచ్చమ్మ. "ఇగో, గిసొంటివి కనవడితె పీకుండ్రి, అని. గంతే గద సారూ?"

"అంతే."

"మరి ఇన్నొద్దులు వరిని పీకింది గా కూలోళ్లే గద? మళ్ల వాళ్లకే అప్పజెప్పుడేంది?"

ప్రమీల నవ్వింది. ఎన్నో నెలలకు నవ్వింది. "అమ్మా, హెడ్మాస్టరు గారికే పరీక్ష పెడుతున్నవా?"

జవాబు తెలిసినట్టు తల ఊపాను.

ఆ సాయంత్రం ప్రమీల గోడ పట్టుకొని వాకిలి దాకా నడిచింది. పన్నెండు అడుగులు. గోడకు చెంప ఆనించి నిలబడి, అడిగింది —

"జూన్ల బడి తెరుస్తరు నాన్నా. అప్పటికి అయితదా?"

కనుక్కొని వస్తానన్నాను.

సూర్యాపేటలో నరాల వైద్యుడు సురేందర్ ఒకప్పుడు నా విద్యార్థి. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నేను తీసుకెళ్లిన వ్యాసం కాగితాలు చివరి దాకా చదివాడు. ఆపైన మొదటి పుటకు తిరిగి వచ్చి, పైమూలన వేలు పెట్టాడు.

"సార్... సంవత్సరం చూసిండ్రా?"

ఉత్తరంలో తేదీ వేయని పిల్లలకు అర మార్కు కోసేవాణ్ణి.

చూడలేదు.

పద్దెనిమిదేళ్ల నాటి వ్యాసం.

"తర్వాత పెద్ద పరీక్షే చేసిండ్రు సార్. టీకా ఇచ్చినోళ్లకు, మందు లేని ఉత్త సూది ఇచ్చినోళ్లకు పెద్దగ ఫరక్ తేలలే. గాడనే ఆగిపోయింది. ఇప్పుడు యాడా ఇస్తలేరు." అతడు కాగితాల అంచులు సరిచేశాడు. మళ్లీ సరిచేశాడు. "ఇప్పుడిస్తున్న మందులే ఇద్దాం. నడక తిరిగొస్తదని మాత్రం... నేను చెప్పలేను సార్."

నేను అతనికి కృతజ్ఞతలు చెప్పాను. పూర్తి వాక్యంలో చెప్పాను.

బస్సు కిటికీ అవతల కోసిన మళ్లు. ఎండలో కొయ్యకాళ్లు. వాటిలో ఊద ఏదో, వరి ఏదో — అచ్చమ్మ వేళ్లకైనా తెలియదు. కోత అయిపోయాక రెండూ ఒకటే...

ఇల్లు చేరేసరికి వసారాలో ప్రమీల కుర్చీలో కూర్చుని ఉంది. ఎండవేడికి కూతురి కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయని, ఒళ్లు చల్లబడేందుకు అచ్చమ్మ ఆమె పాదాలను నీళ్ల తొట్టిలో పెట్టించింది.

"నాన్నా, నీళ్లు చల్లగున్నయా? నాకు తెలుస్తలేదు."

వంగి, చేయి ముంచాను.

"చల్లగానే ఉన్నాయమ్మా."

"మరి, డాక్టరేమన్నడు?"

అచ్చమ్మ గడపలో ఆగిపోయింది.

నా చేయి ఇంకా నీళ్లలోనే ఉంది. ఆమె పాదానికి తగులుతూనే ఉంది — ఆమెకు తెలియకుండా...