కట్టె వామి మీద ఇంటర్నెట్టు

మా ఆయన బయ్యన్న బావకు కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టడం వృత్తి, బాగున్నవాటిని విప్పడం వ్యసనం. మా పెళ్లికి వచ్చిన మిక్సీని మూడో రోజే విప్పాడు. అలాంటి మనిషి 2005లో ఇంటి ఇంటర్నెట్టు మీద పడ్డాడంటే కారణం నేనే.

పెళ్లికి ముందు అనంతపురంలో ఒక పని నేర్చుకున్నాను. డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని ఇంగ్లీషులో టైపు చెయ్యడం. అక్కడి ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు. మా అత్త వెంకటలక్ష్మమ్మ ఒప్పుకోలేదు.

"కోడలు దినామూ బస్సెక్కి పోతే ఊర్లో ఏమనుకుంటారు? చేసేదేదో ఇంట్లోనే చెయ్యి మే" అంది. ఊర్లో ఎవరూ ఏమీ అనుకోలేదు. వాళ్లందరి తరఫునా ఆమే అనేసుకుంది.

ఆఫీసువాళ్లు పది రోజులు ఇంటి నుంచే చేసి చూపించమన్నారు. రోజూ పొద్దున ఒక మాటల ఫైలు పంపుతారు. సాయంత్రం ఆరులోగా టైపు చేసి తిప్పి పంపాలి. ఒక్కరోజు తప్పినా ఉద్యోగం లేదు. నాకది కావాలి. ఇంత చదివి వేరుశనగ బుడ్డలు ఒలుచుకుంటూ కూర్చున్నానని ఎన్నోసార్లు ఏడ్చాను.

చిక్కంతా ఆ ఫైలు దిగడంలోనే. మాది గుత్తి పక్కన, పల్లంలో ఉన్న ఊరు. వైరు లేని ఫోను, దానికి మిద్దె మీద చిన్న యాంటెన్నా, ఫోను నుంచి కంప్యూటరుకు ఒక తీగ. ఫైలు సగం దిగేది, తెగిపోయేది, మళ్లీ మొదటి నుంచి మొదలు.

బావ రంగంలోకి దిగాడు. యాంటెన్నాకు పొడుగాటి వెదురు గడ కట్టాడు, గాలికి విరిగింది. చివరికి ఒక పొట్టి గడకు యాంటెన్నా కట్టి, దాని వెనక అత్త అల్యూమినియం బేసిను బిగించి, రాగి తీగ చుట్టి, పెరట్లో వామి మీద నాటాడు. వేరుశనగ కాయ దూసుకున్నాక మిగిలే చెట్టును మేము కట్టె అంటాం, పశువుల మేతకు వామి వేసుకుంటాం. ఆ ఏడు వానల్లేక కాయ రాలేదు గానీ కట్టె మిగిలింది. మా వామి మిద్దె కంటే ఎత్తు. ఫైలు ఇరవై నిమిషాల్లో దిగింది.

"చూసినావా? అంతా బేసిన్‌లో ఉండాది" అన్నాడు బావ. మోటారు తెచ్చిన ప్రతి రైతుకూ ఆ బేసిను చూపించి పంపాడు.

ఐదో రోజుకు నలభై నిమిషాలు పట్టింది. ఏడో రోజుకు గంటన్నర. బావ రెండో బేసిను ఎక్కించాడు. తర్వాత జల్లెడ, ఆ తర్వాత గంజి వార్చే గిన్నె. నాకు ఒళ్లు మండింది.

"ఇంకొక్క గిన్నె ఎక్కిచ్చినావంటే నిన్నూ ఆడ్నే కట్టేస్తా బావా" అన్నాను.

పదో రోజు మధ్యాహ్నం రెండయింది. ఫైలు దిగనే లేదు. ఇంత దూరం వచ్చి పోగొట్టుకుంటున్నానని ఏడుస్తూ పెరట్లోకి వెళ్లాను. అత్త ఎద్దులకు కట్టె దూస్తోంది. అప్పుడు చూశాను, వామి నా తల ఎత్తు కూడా లేదు. రెండు ఎద్దులు రెండు పూటలా తింటున్నాయి. దానికి తోడు అత్త, మేత చాలని మా ఊరి చౌడమ్మ పెద్దమ్మకు మూడు బండ్ల కట్టె తోలించింది. కరువు ఏట మేత అడిగితే మా దగ్గర ఎవరూ లేదనరు.

"బేసిన్ గాదు బావా, ఎత్తు! మన ఇంటర్నెట్టును ఎద్దులు తినేసినాయి. మిగిలింది చౌడమ్మ పెద్దమ్మ దొడ్లో ఉండాది" అని అరిచాను.

అత్త చేతిలోని కట్టె కింద పడేసింది.

"చౌడమ్మది మిట్ట మీది ఇల్లు. మనమిచ్చిన కట్టెతోనే ఆమె వామి అంతెత్తుండాది. బండి కట్టురా బయ్యన్నా."

కంప్యూటరునూ ఫోనునూ పరుపులో చుట్టి బండెక్కించాం. చౌడమ్మ కొట్టంలో బల్బు హోల్డరు నుంచి కరెంటు లాగి, నన్ను ఎద్దుల పక్కనే కూర్చోబెట్టాడు బావ. యాంటెన్నా మాత్రం వామి మీద గాలికి నిలవలేదు. అత్త కొంగు నడుముకు దోపి తనే ఎక్కింది. రెండు చేతులతో గడ పట్టుకుని కూర్చుంది.

"ఎంతసేపు మే?"

"ఇరవై నిమిషాలత్తా. కదలొద్దు."

సగం ఊరు పోగయింది. "ఏమ్మా, ఆడెక్కి ఏం చేస్తాండావు?" అని ఈరప్ప తాత కింద నుంచి అడిగాడు.

"మా కోడలు ఉద్యోగం చేస్తాంది. కనబళ్లేదా?" అంది అత్త.

ఫైలు దిగింది. గంగిరెద్దులా తలూపుతున్న ఎద్దు పక్కన కూర్చుని గుండె జబ్బు గురించి టైపు చేశాను. పంపడానికి అత్త మళ్లీ ఎక్కింది. ఆరుకు పది నిమిషాల ముందు పంపాను. ఆమె ఇంకా పైన ఉండగానే జవాబు వచ్చింది.

"ఉద్యోగమిచ్చినారత్తా!"

అత్త మెల్లగా దిగింది. జుట్టు నిండా ఎండాకు. బావ అప్పటికే నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. "అమ్మా, మనింటికి ఒక ఇనప టవరు లేపితే..."

"నువ్వు నోరు మూసుకోరా" అని అత్త నడుము పట్టుకుని నా వైపు తిరిగింది. "దినామూ ఈ వామి నేనెక్కలేను మే పద్మా. పొద్దున బస్సు నువ్వెక్కు."

అందరి ముందూ ఆమెను కావలించుకుని భోరుమన్నాను.