తాడు దగ్గర చెప్పిన పేర్లు

మాలో బిడ్డకి మాటలు వచ్చీరాగానే తాతల పేర్లు నేర్పుతాం. ఆ పేర్లని బట్టే ఎవరిది ఏ తెగో తెలిసేది. నేనూ నేర్పాను. నా కూతురు ఇదిల్ నాలుగేళ్లకే తండ్రి, తాత, ముత్తాత అంటూ తొమ్మిది తరాల పేర్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. ఒక్క పేరు మింగేసినా చెవి మెలిపెట్టేదాన్ని. నా చేతులు పడిపోను.

ఆ ఇదిల్‌కే పెళ్లయి, తొలికాన్పు నొప్పులు మొదలై రెండు రోజులైనా బిడ్డ దిగలేదు. మంత్రసాని చేతులెత్తేసింది, మొగదిషు ఆసుపత్రికి తీసుకుపోకపోతే పిల్ల దక్కదంది. అల్లుడు సమతార్ ఉంటే వాడే చూసుకునేవాడు. తిరుగుబాటుదార్లు సంతలో పెట్టిన బాంబుకి అయిదు నెలల కిందటే పోయాడు. పాల క్యాన్లు వేసుకెళ్లే వ్యానులో ఇదిల్‌ని పడుకోబెట్టి తెల్లవారగానే బయల్దేరాం. ఇరవై ఏళ్లుగా ఆ రోడ్డున ఒంటెపాలు అమ్ముకుంటున్నదాన్ని. ఎక్కడ తాడు కట్టి బళ్లు ఆపుతారో, ఏ తాడు దగ్గర ఎవరి తుపాకులుంటాయో నాకు తెలియదా?

"వంతెన దగ్గర మీ నాన్న తెగవాళ్లే ఉంటారు. అడగ్గానే మీ నాన్న వైపు పేర్లు గట్టిగా చెప్పు. వదిలేస్తారు" అన్నాను.

ముందు రోజు సాయంత్రమే ఆ వంతెన చేతులు మారింది. ఆ సంగతి నాకెవరు చెప్తారు?

తాడు పట్టుకున్నవాడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని బుగ్గన మత్తు ఆకు నములుతున్నాడు. "ఎవరి పిల్లవి?" అని అడిగాడు. ఇదిల్ పళ్లు బిగించి తొమ్మిది పేర్లూ చెప్పింది. అయిదో పేరుకే వాడి ముఖం మాడిపోయింది. వాడి వెనక ఉన్నవాళ్లని అప్పుడు పోల్చుకున్నాను. అందరూ మా అల్లుడి తెగవాళ్లు. బావి నీళ్ల కోసం వాళ్లకీ మా ఆయనవాళ్లకీ నెల నుంచి కాల్పులు జరుగుతున్నాయి.

"నాయనా, దాని కడుపులో ఉన్నది మీ బిడ్డే. సమతార్ బిడ్డ. మీ రక్తం" అన్నాను.

వాడు నవ్వాడు. "భలేదానివే పెద్దమ్మా. తాడుకో తాతని మోసుకొస్తారన్నమాట. అది నిజమైతే ముందు అదే చెప్పేవాళ్లు."

"పెళ్లయినా ఆడదానికి తండ్రి వైపు పేర్లే కదరా. మీ అమ్మని అడుగు, ఎవరి పేర్లు చెప్తుందో."

"మా అమ్మ జోలికి రాకు. మా పెద్దాయనకి కబురు పెడతాం. ఆయన ఔనంటే వెళ్దురుగాని. అందాకా ఆ చెట్టు కింద కూర్చోండి."

"ఇది కూర్చునేలా ఉందట్రా నీ కంటికి?"

"ఇంకో మాట మాట్లాడితే వ్యాను తగలబెడతా."

ఎండ నడినెత్తికి వచ్చింది. నా క్యాన్లలో పాలు వాళ్లే తాగారు. పక్కన ఆడపిల్ల కేకలు పెడుతుంటే వరసగా నిలబడి నమాజు చేసుకున్నారు, దిక్కుమాలినవాళ్లు. దేవుడు విన్నాడో లేదో గాని, వింటే ముందు దాని కేకలే విని ఉండాలి.

"అమ్మా, పేర్లు తప్పు చెప్పానా?" అంది ఇదిల్.

"లేదు తల్లీ. ఒక్కటీ తప్పలేదు" అన్నాను.

బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. తర్వాత రక్తం ఆగలేదు. నా పైబట్ట, మా వ్యాను నడిపే డ్రైవర్ చొక్కా, దొరికిన గుడ్డలన్నీ కుక్కాను. ఒక గంటకి నా కూతురు పోయింది.

పెద్దాయన సాయంత్రం నమాజు వేళకి తీరిగ్గా వచ్చాడు. సమతార్ తల్లి ఎవరని, పెళ్లికి ఎవరెవరొచ్చారని అడిగాడు. నేను చెప్పాను. "నిజమేరా, మన పిల్లే. వదలండి" అన్నాడు. తాడు దించారు. ఆయన నా ఒళ్లో పాప మీదికి వంగి దాని తాతల పేర్లు చదివాడు. అన్నీ మగాళ్ల పేర్లే. నా ఇదిల్ పేరు అందులో లేదు.

కళ్లద్దాలవాడు దగ్గరికొచ్చాడు. "ఈ మాట ముందే చెప్పాల్సింది పెద్దమ్మా."

"చెప్పాను" అని వాడి ముఖాన ఉమ్మేశాను.

తుపాకులన్నీ నా వైపు లేచాయి. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరూ కాల్చలేదు. నేను వాళ్ల పాపకి అమ్మమ్మని కదా మరి.