పెద్దవీధి ఒంపు

రైల్వేస్టేషన్ దగ్గర మొదలైన పెద్దవీధి మూడు కిలోమీటర్లు గీత గీసినట్టు సాగి నదిగట్టును చేరుతుంది. ఒకప్పుడు అక్కడ కోటగోడ ఉండేది. గోడ పడగొట్టి, ఆ రాళ్లతోనే కందకం పూడ్చి వేసిన వీధి అది. నడుమ బళ్లు పోయే బాట, దానికి అటూ ఇటూ చెట్ల వరుసలు, చెట్ల అవతల వెడల్పాటి కాలిబాటలు. అంత తీరైన వీధి పాత తపాలాఫీసు ముందు మాత్రం ఎందుకో పక్కకి ఒరిగి, మళ్లీ సర్దుకుంటుంది.

ఆ ఒంపు తీసేయమని ఉత్తర్వు వచ్చింది. కొలతల పని సర్వేయరమ్మ మీద పడింది. వీధిని తిన్నగా చేస్తే పద్నాలుగు చెట్లు పోతాయి. వాటి నీడన చెప్పులు కుట్టేవాళ్లు, తాళాలు బాగుచేసేవాళ్లు చోటు ఖాళీ చేయాలి. ఆమెకు మనసొప్పలేదు. కానీ ఆ మాట నివేదికలో రాస్తే ఎవరు వింటారు? పాత పటాలన్నీ తిరగేసింది. ఒంపు ఎందుకొచ్చిందో ఒక్కదాంట్లోనూ లేదు.

సాయంత్రం ఇంట్లో పటం పరుచుకుని కూర్చుంటే పెదనాన్న వచ్చి తొంగిచూశాడు. ఆయన రోడ్డు రోలరు నడిపి రిటైరైన మనిషి. నడకా, మాటా కూడా రోలరు వేగమే.

"తిన్నగా చేస్తారా దీన్ని? మేమూ చెయ్యబోయాం తల్లీ."

"ఎప్పుడు పెదనాన్నా?"

"నేను పనిలో చేరిన ఏడాది. ఇదిగో, ఇక్కడికి రాగానే నా రోలరు ముందు చక్రం సగానికి దిగబడిపోయింది. పైకి లాగడానికి రెండు రోజులు పట్టింది. కింద ఇటుకల కమాను కట్టిన కాలవ ఉంది. కోట కాలం నాటిది. పాత ఊరి వాననీళ్లన్నీ దాంట్లోంచే నదికి పోతాయి. దాన్ని తప్పించడానికే వీధి పక్కకి జరిగింది."

"మరి కాగితాల్లో లేదేం?"

"అప్పటి ఇంజినీరుకి నామోషీ. గుంత పూడ్పించి, నోరు మూసుకోమన్నాడు. ఇదిగో, ఇన్నాళ్లూ మూసుకున్నాను."

మర్నాడు పొద్దున్నే ఆమె ఇప్పటి ఇంజినీరుకు సంగతి చెప్పి, పెదనాన్న చూపించిన చోట గుంత తవ్వించింది. నాలుగడుగులు దిగినా మట్టే. ఇంజినీరు గడియారం చూసుకున్నాడు.

"ఇంకొక్క అడుగు తవ్వండయ్యా," అన్నాడు పెదనాన్న, తొణక్కుండా.

గడ్డపార ఖణేల్మంది. మట్టి తుడిస్తే ఎర్రటి ఇటుకలు, నిన్న కట్టినంత పొందిగ్గా. ఇంజినీరు ప్యాంటు మాసిపోతుందన్న ధ్యాస లేకుండా గుంతలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని ఇటుకలకు చెవి ఆనించాడు. లోపల నీళ్లు గలగలా పోతున్నాయి.

"ఒంపు ఇలాగే ఉండనివ్వండమ్మా. కాలవని పటంలోకి ఎక్కించండి," అని లేచి, పెదనాన్న వైపు తిరిగాడు. "ఈ వీధి కింద ఇంకేమున్నాయో మీకు తెలుసా?"

"తెలుసు బాబూ. ఒక్కపూటలో తేలేది కాదు. కుర్చీ వేయిస్తే చెప్తాను."

వేయించారు. ఆ వారమంతా ఆఫీసులో పెదనాన్న తన వేగంలో చెబుతూనే ఉన్నాడు. సర్వేయరమ్మ పెన్సిలు పట్టుకుని, ఏ తొందరా లేకుండా, గీస్తూనే ఉంది.