మండిన మన్ను

రాచర్ల రోడ్డు పక్క పెట్రోలు బంకు ముందు తహసీల్దారు నీళ్ళ పరీక్ష కాగితం చదువుతుంటే కాశమ్మ చెవి ఒగ్గి విన్నది. కాలనీ బోరు నీళ్ళలో పెట్రోలు ఆనవాళ్ళే లేవట! ఆ నీళ్ళు తాగే కదా ఆమె మనవరాలు నోరంతా పుండ్లు పడి గిద్దలూరు ఆసుపత్రిలో మూలుగుతోంది. ఆ బోరు తప్ప అరవై ఇళ్ళకు ఇంకో దిక్కు లేదు.

బంకు యజమాని చెన్నకేశవరావు నవ్వాడు. "చూసినారా? నా ట్యాంకు కారడంలే. మీకే నోరు ఎక్కువైంది."

"దొంగ రిపోర్టు!" జనం అరిచారు.

"దొంగది కాదు నాయనా," అంది కాశమ్మ, ముందుకొచ్చి ఆనాటి సంగతి చెబుతూ. "తప్పు నాదే."

ఆ రోజు నీళ్ళ పరీక్షకని సీసాలు పట్టుకొని ల్యాబు సారు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. బోరు ముఖం కూడా చూడకుండా ఆమె అరుగు మీద కూలబడి నీళ్ళు పట్టుకు రమ్మన్నాడు. ఇంటికొచ్చిన మనిషికి తెట్టు కట్టిన నీళ్ళు ఎట్లా ఇస్తుంది? బోరు నీళ్ళు తేర్చి, పాత చీర నాలుగు మడతలేసి వడకట్టందే ఆ పక్క ఆడవాళ్ళు బయటివాళ్ళ చేతిలో పెట్టరు. కంపు పోవాలని రెండు రోజులు ఎండలో మూత తీసి ఉంచిన బిందె నీళ్ళే ఆ సీసాల్లో పోసింది; పెట్రోలంతా ఆ ఎండకే ఆవిరైపోయింది.

"మా కొంప ముంచితివి గద పెద్దమ్మా!" పక్కింటి రోశమ్మ నెత్తి కొట్టుకుంది.

కూలి సంఘం జ్ఞానయ్య అడ్డం వచ్చాడు. "ఆమెను తిడితే ఏమొస్తది? జీతం తీసుకునే సారు బోరు కాడికి ఎందుకు పోలేదో అది అడుగు!"

"మళ్ళీ పరీక్ష చేయండి సార్," అన్నారు అందరూ.

"పైనుంచి ఆర్డరు రావాలమ్మా," అన్నాడు తహసీల్దారు.

"నీ ఆర్డరు వచ్చేలోపు మా పిల్లలు సస్తారు," అన్నాడు జ్ఞానయ్య. "పలుగులు తెండిరా!"

ఉపాధి పనిలో రోజూ గుంటలు తవ్వే చేతులవి. బంకు ప్రహరీకి, బోరుకు నడుమ పోరంబోకులో పలుగులు దిగాయి. మనిషి లోతుకు పోయేసరికి మన్ను నల్లబడింది. గుప్పున వచ్చిన వాసనకు తలలు తిరిగాయి. బీడీలు పారేయమని జ్ఞానయ్య కేకేశాడు.

కాశమ్మ బొచ్చెడు మన్ను ఎత్తుకొని బంకుకు దూరంగా, రోడ్డు మలుపు దాకా నడిచింది. జనమూ, తహసీల్దారూ వెనకే వెళ్ళారు. మన్ను నేల మీద కుమ్మరించి అగ్గిపుల్ల గీసింది.

మన్ను భగ్గున మండింది.

"ఇప్పుడు రాయి సార్ రిపోర్టు!"

తహసీల్దారు రాయలేదు. ఎస్సైకి ఫోన్ చేశాడు. బంకు తగలబెట్టబోయిందని కేసు! ఎంత సిగ్గులేని రాజ్యం ఇది! పోలీసులు వచ్చి కాశమ్మను జీపెక్కించారు. అదే సమయానికి గుంట పూడ్చడానికి చెన్నకేశవరావు జేసీబీ గర్జిస్తూ వచ్చింది.

"సాక్ష్యం పూడ్చనీయొద్దే!" జీపులోంచి అరిచింది కాశమ్మ.

రోశమ్మ పరుగున వెళ్ళి గుంట అంచున చతికిలబడింది. ఆమె పక్కన ఇంకొకామె, ఆ పక్కన జ్ఞానయ్య, చూస్తుండగా కాలనీ అంతా గుంట చుట్టూ కూర్చుంది. జేసీబీ తొండం రోశమ్మ తల మీద ఆగింది.

"ఆపినావేంది?" అంది రోశమ్మ. "మమ్మల్ని గూడా వేసి పూడ్చురా!"

డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు.